కంచలో అనుభవదారులు ఎవరు?

తెలంగాణ పల్లెల్లో కంచ అంటే పశువులు మేసే నేల. నాగలి దిగని చోట, బండలూ తుప్పలూ గడ్డీ కలగలిసిన భూమిని గొర్లకు, మేకలకు, బర్లకు వదిలి దానికి ఆ పేరు పెట్టుకున్నారు. ఊరుమ్మడి మేతభూమిని బంచరాయి అన్నారు. చెరువు నిండితే మునిగి, ఎండితే బయటపడే భూమిని శికం అన్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల రెవెన్యూ కాగితాల్లో ఈ మాటలు ఇప్పటికీ కనిపిస్తాయి. 2025 మార్చి నెలాఖరున, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లోని 400 ఎకరాల్లోకి, వేలానికి నేలను చదును చేయడానికి పొక్లెయిన్లు దిగినప్పుడు గొడవ చాలావరకు భూమి ఎవరిదన్న దాని చుట్టే తిరిగింది. ప్రభుత్వం తనదంది. విద్యార్థులు యూనివర్సిటీదన్నారు. ఆ నేల ఎవరి కోసం ఉండేదో మాత్రం దాని పేరే చెబుతోంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో ఏర్పడింది. అప్పట్లో దానికి చూపించిన భూమి దాదాపు 2,300 ఎకరాలు. అందులోంచి ఏళ్ల తరబడి రోడ్లకు, సంస్థలకు, స్టేడియాలకు ముక్కలు పోతూ వచ్చాయి. ఈ 400 ఎకరాలను 2000ల మొదట్లో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కేటాయించారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. ఆ తర్వాత సాగిన వ్యాజ్యం 2024లో సుప్రీంకోర్టులో రాష్ట్రానికి అనుకూలంగా ముగిసింది. మనుషులు కోర్టుల్లో ఉన్న ఆ రెండు దశాబ్దాల్లో నేల తన పని తాను చేసుకుపోయింది. తుప్పలు చెట్లయ్యాయి. చుక్కల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. క్యాంపస్‌లో దొరికిన ఒక సాలీడు జాతికి శాస్త్రవేత్తలు ఈ నగరం పేరే కలిపి ముర్రీషియా హైదరాబాదెన్సిస్ అని నామకరణం చేశారు.

ఉగాది, రంజాన్ వరుసగా వచ్చిన సెలవు రోజుల్లో యంత్రాలు దిగాయి. రాత్రిపూట లైట్ల వెలుగులో చెట్లు కూలుతుంటే నెమళ్లు అరుస్తున్న వీడియోలు ఊరంతా చూసింది. కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు కూడా కొన్ని తిరిగాయి, వాటిపై ప్రభుత్వం గట్టిగానే అభ్యంతరం చెప్పింది. అబద్ధపు బొమ్మను ఖండించడం న్యాయమే. కానీ అసలు సంగతి తేల్చడానికి వీడియోలతో పని లేకుండానే పోయింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విషయాన్ని చేపట్టి, తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను అక్కడికి పంపింది. దాదాపు 100 ఎకరాల్లో పచ్చదనం పోయిందని, నెమళ్లు, జింకలు ఆ ప్రాంతంలో కనిపించాయని నివేదిక వచ్చింది. అదే రోజు పనులు ఆగిపోయాయి. వరుస సెలవులు చూసుకుని అంత తొందర ఎందుకని న్యాయమూర్తులు ప్రశ్నించారు. పోయిన చెట్లను ఎలా తిరిగి తెస్తారో చెప్పాలన్నారు.

ఇక్కడ ప్రభుత్వం వైపు వాదన ఒకటి వినదగ్గది. ఈ భూమి ఏనాడూ అటవీ శాఖ రికార్డుల్లో అడవి కాదు, వాడకుండా వదిలేయడం వల్లే చెట్లు మొలిచాయి అన్నారు. రికార్డు వరకు అది నిజం. అయితే 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అడవి అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకోవాలి, యజమాని ఎవరైనా సరే. అంటే కాగితం కంటే నేల మీద ఉన్నదే ముఖ్యం. ఆ తీర్పు ఎంతో మేలు చేసింది. అయినా అది కూడా చెట్టునే చూస్తుంది, కంచను పూర్తిగా పట్టుకోలేదు. నక్షత్ర తాబేలుకు కావలసింది దట్టమైన అడవి కాదు, గడ్డీ పొదలూ ఉన్న మెట్టనేల. దక్కన్ పీఠభూమికి సహజమైన రూపమే అది: నల్లటి బండ, దాని సందుల్లో నీరు, చుట్టూ గడ్డి, అక్కడక్కడ తంగేడు, సీతాఫలం. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మన రికార్డు దీన్ని బంజరు అంటుంది, లేదంటే ఖారిజ్ ఖాతా అంటుంది. పన్ను రాని భూమి కనుక పనికిరాని భూమి. పన్ను వసూలు కోసం పుట్టిన ఆ లెక్క ఇవాళ వేలం పాటకు దారి చూపిస్తోంది.

హైదరాబాద్ దయలేని ఊరేమీ కాదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర, చార్మినార్ దగ్గర పావురాలకు గింజలు చల్లేవాళ్లు రోజూ ఉంటారు. ఎండాకాలం వస్తే డాబాల మీద, బాల్కనీల్లో మట్టి మూకుళ్లలో నీళ్లు పెడతారు. ఇంట్లోకి పాము వస్తే కర్ర తీసే బదులు పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేసే అలవాటు ఈ నగరంలో బాగా పెరిగింది. ఇవన్నీ చిన్న విషయాలని కొట్టిపారేయడం తప్పు. కానీ దయ కంటి ముందున్న ప్రాణి దగ్గర ఆగిపోతుంది. పావురం కిటికీ మీద వాలుతుంది కాబట్టి దానికి గింజలు దొరుకుతాయి. కంచలో ఉన్న తాబేలు ఏ కిటికీ మీదా వాలదు. దాని చావు ఒక జీవో రూపంలో, ఒక లేఅవుట్ మంజూరు రూపంలో వస్తుంది. అందులో ఎవరికీ క్రూరత్వం ఉండక్కర్లేదు. సంతకం పెట్టే అధికారి ఇంటికెళ్లి తన డాబా మీద పిట్టలకు నీళ్లు పోయవచ్చు కూడా. జంతువుల పట్ల మన నీతి ఇంటి గడపలోనే ఆగిపోయి, సచివాలయం దాకా వెళ్లకపోవడమే అసలు చిక్కు.

పాలపిట్ట సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని తెలంగాణ నమ్మకం. జమ్మి దగ్గరికి వెళ్తూ పొలాల గట్ల మీద దాన్ని వెతుక్కునేవాళ్లు. రాష్ట్రం వచ్చాక 2014లోనే పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించారు, చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా. నగరంలో పొలాల గట్లు లేవు, పిట్టా కనిపించదు. కాబట్టి పండగ నాడు గుళ్ల దగ్గరికి, కాలనీల్లోకి పిట్టను పంజరంలో పెట్టుకుని మనుషులు వస్తారు. పది, ఇరవై రూపాయలిస్తే చూపిస్తారు. ఎగిరిపోకుండా కాళ్లకో రెక్కలకో దారం ఉంటుంది. పురుగులు తినే పక్షి అది, ఎన్ని గంటలుగా ఏమీ తినలేదో తెలియదు. వాలి ఉన్నప్పుడు పాలపిట్ట మట్టిరంగు ఛాతీతో మామూలుగానే ఉంటుంది. రెక్క విప్పితేనే ఆ నీలం, అందులో రెండు ఛాయలు, మెరుపులా కనబడుతుంది. రెక్క కట్టేసిన పాలపిట్టలో జనం చూడాలనుకున్నది అసలు ఉండదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. పాలపిట్టను పట్టడం నేరం. అటవీ శాఖ దసరా సమయంలో తనిఖీలు చేస్తుంది, పిట్టల్ని విడిపిస్తుంది. పట్టేవాళ్లు చాలావరకు పేదలు, వేట తప్ప వేరే విద్య లేని కులాలవాళ్లు. శిక్ష వాళ్లకే పడుతుంది. డబ్బిచ్చి చూసిన వాళ్లకు పుణ్యం వచ్చిందన్న తృప్తి మిగులుతుంది. పాలపిట్ట వాలడానికి ఊరి చుట్టూ పొలం గట్టు, ఎండిన మాను లేకుండా చేసిన వాళ్లు ఈ లెక్కలోకే రారు. నిజంగా బాధ్యత లెక్కగట్టాలంటే ఆ చివరి వరుసతోనే మొదలుపెట్టాలి.

రాజ్యాంగం ఈ విషయంలో మౌనంగా లేదు. 1976లో 42వ సవరణతో రెండు అధికరణలు చేరాయి. పర్యావరణాన్ని, అడవుల్ని, వన్యప్రాణుల్ని కాపాడడం రాజ్యం బాధ్యత అని 48ఎ చెబుతుంది. ప్రకృతిని కాపాడడం, ప్రాణుల పట్ల కరుణ చూపడం ప్రతి పౌరుడి విధి అని 51ఎ(జి) చెబుతుంది. మొదటిది ఆదేశిక సూత్రం, రెండోది ప్రాథమిక విధి. రెండింటినీ నేరుగా కోర్టు ద్వారా అమలు చేయించలేం. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు వీటికి ప్రాణం పోసింది. ఆకలి దప్పులు, భయం, నొప్పి లేకుండా, తన సహజ స్వభావంతో బతికే స్వేచ్ఛ జంతువుకు ఉందంది. ఆ తర్వాత జల్లికట్టుకు వీలుగా తమిళనాడు చట్టం మార్చుకుంది, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ మార్పును సమర్థించింది. సంప్రదాయం, శాసనసభ ఒక వైపు నిలబడితే కోర్టు ఇచ్చిన హక్కు ఎంత బలహీనమో దాంతో తెలిసిపోయింది. ఇక రోజువారీ చట్టం సంగతికొస్తే, జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది. ఎద్దును చావబాదినా, బండికి మోయలేని బరువెత్తినా మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై వరకు. ఇప్పుడు ఆ డబ్బుకు ఈ ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఇరానీ చాయ్ వస్తుంది.

అన్నింటికన్నా కష్టమైనది వీధికుక్కల విషయం. 2023 ఫిబ్రవరిలో బాగ్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన సీసీటీవీ దృశ్యాలు చూసినవాళ్లు వాటిని మరిచిపోలేరు. ఆ తండ్రి వాచ్‌మన్‌గా పనిచేసేవాడు. కుక్కల భారం ఎవరి మీద పడుతుందో ఆ ఒక్క మాటలో ఉంది. గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలు గోడ లోపల ఆడుకుంటారు, పని చేసుకునేవాళ్ల పిల్లలు గోడ బయట ఉంటారు. ఈ నిజాన్ని పక్కనపెట్టి జంతు ప్రేమ గురించి మాట్లాడితే అది వినేవాళ్లకు మండుతుంది, మండడం సహజం.

అలాగని కుక్కల్ని ఏరిపారేస్తే పోతుందా? పోదు. ఒక వీధిలో కుక్కల్ని తీసేస్తే, అక్కడ తిండి ఉన్నంతకాలం పక్క వీధి కుక్కలు వస్తాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న నిబంధన ఈ తర్కం మీదే నిలబడింది. టీకా కనీసం 70 శాతం కుక్కలకు వేస్తేనే రేబిస్ గొలుసు తెగుతుంది. అది జరగాలంటే ఏడాది పొడవునా జరగాలి, ఘటన జరిగిన వారంలో హడావుడి చేస్తే సరిపోదు. ఇక తిండి విషయం: చికెన్ సెంటర్ల వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ల ఎంగిలి విస్తళ్లు, కుప్పతొట్టి తీసేసినా చెత్త పడుతూనే ఉండే మూలలు. కుక్కల గుంపును పెంచేది అవే. 2025లో సుప్రీంకోర్టు ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలంది, 22న దాన్ని సవరించింది, నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి తీసేయాలంది. అత్యున్నత కోర్టే మూడు నెలల్లో ఇన్ని మలుపులు తిరిగిందంటే మున్సిపాలిటీ చేయాల్సిన పని ఏళ్ల తరబడి ఎంత పేరుకుపోయిందో ఊహించుకోవచ్చు. కంచ గచ్చిబౌలి ఘటన తర్వాత గూడు చెదిరి బయటికొచ్చిన జింకను కుక్కలు చంపేశాయి. అక్కడ జింకదీ తప్పు లేదు, కుక్కదీ లేదు. రెండూ మనిషి చేసిన ఏర్పాటులో చిక్కుకున్నవే.

తిండి గురించి మాట్లాడకుండా జంతువుల గురించి మాట్లాడడం నిజాయితీ అనిపించుకోదు. 2014 నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. ఈ దేశంలో శాకాహారం కులం గొప్ప చెప్పుకోవడానికి, ఎదుటివాడి పళ్లాన్ని అవమానించడానికి వాడుకున్న ఆయుధం. ఆ చరిత్ర తెలిసినవాళ్లు జంతు కరుణ అన్న మాట వినగానే అనుమానంగా చూడడంలో తప్పేమీ లేదు. అందుకే ప్రశ్నను ఎవరేం తింటున్నారన్న దగ్గర్నుంచి, ఆ ప్రాణి ఎలా బతికిందన్న దగ్గరికి మార్చాలి. గొల్ల కురుమల గొర్రె తన జీవితమంతా కంచలో తిరిగి, గడ్డి మేసి, మంద మధ్యలో పడుకుని బతికింది. గుడ్ల ఫారంలో కోడికి ఇనుప చువ్వల బోనులో ఒక ఏ4 కాగితమంత చోటు కూడా ఉండదు. అది రెక్క చాపలేదు, మట్టిలో స్నానం చేయలేదు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ బోనుల విషయం ఎత్తింది. పరిశ్రమ పెద్దది, తినేవాళ్లు కోట్లమంది, కోడి తరఫున అడిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అదే 2017లో రాష్ట్రం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది, కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. గొర్రెనిచ్చిన ప్రభుత్వాలే దాన్ని మేపుకునే కంచను ప్లాట్లుగా కోశాయి.

ప్రకృతిని కాపాడడం మన మేలు కోసమే అనే వాదన ఒకటుంది. హైదరాబాద్‌కు ఇది బాగా తెలిసిన పాఠం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, మొదటిది 1920లో, రెండోది 1927లో. వాటి పరీవాహకాన్ని కాపాడడానికి 1996 మార్చి 8న జీవో 111 తెచ్చి, పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలకు కళ్లెం వేశారు. 2022లో ఆంక్షలు సడలించారు, 2023 మేలో ఆ జీవోనే ఎత్తేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఈ చెరువుల అవసరం తీరిపోయింది అన్నదే అప్పుడు చెప్పిన ప్రధాన కారణం. మేలు కోసమే కాపాడాలన్న వాదనలో ఉన్న లొసుగు సరిగ్గా ఇదే. అవసరం తీరిందని ఎవరైనా అనగానే రక్షణ కూడా తీరిపోతుంది. ఆ 84 గ్రామాల రైతులకు పాతికేళ్లు భూమి ధర పెరగకుండా ఆగిపోయిందన్న బాధ కూడా నిజమే. నగరం తాగే నీటికి పల్లె మూల్యం చెల్లించింది, దానికి పరిహారం ఇవ్వాలన్న ఆలోచన ఏ ప్రభుత్వమూ చేయలేదు. ప్రకృతి రక్షణ భారాన్ని పేదల మీద, చిన్న రైతుల మీద వేసి వదిలేస్తే వాళ్లే దానికి మొదటి శత్రువులవుతారు.

చేవెళ్ల మర్రిచెట్లది కూడా ఇలాంటి కథే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు ఇరువైపులా దాదాపు 900 మర్రులు. రోడ్డు వెడల్పు చేయాలి, చెట్లు అడ్డం. కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి నడిచింది. 2025 నవంబరు 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. అప్పుడు చాలా వేళ్లు చెట్ల వైపు, వాటి కోసం కొట్లాడిన వాళ్ల వైపు చూపించాయి. పోయినవాళ్ల ఇళ్లలో ఆ కోపం రావడం అర్థమవుతుంది. కానీ చెట్లను ఉంచుతూనే రోడ్డును పక్కకు జరిపి వేయవచ్చన్న ప్రతిపాదన మొదట్నుంచీ ఉంది, చివరికి చాలా చెట్లను ఉంచేలానే దారి కుదిరింది. ఇన్నేళ్ల తర్వాత కుదిరింది మొదటి ఏడాదే కుదిరి ఉంటే మర్రీ బతికేది, మనుషులూ బతికేవాళ్లేమో. చెట్టా మనిషా అని ఎంచుకోమనే పరిస్థితి చాలాసార్లు ఆలస్యం వల్లనే పుడుతుంది.

ఓటు లేనివాటి తరఫున మాట్లాడే చోటు మన వ్యవస్థలో ఉందా? నోరు లేనివాడికి హక్కు ఉండడం మనకు కొత్తేమీ కాదు. గుడిలో దేవుడి పేరు మీద మాన్యం ఉంటుంది. చట్టం దృష్టిలో ఆ దేవుడు ఒక వ్యక్తి. ఆయన తరఫున ధర్మకర్త దావా వేస్తాడు, ఆ భూమిని ఎవరైనా అమ్మితే చెల్లదు. రాతి విగ్రహానికి ఇవ్వగలిగిన హోదాను పారే నదికి ఇవ్వవచ్చని 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునల విషయంలో అంది. వరదొస్తే నష్టపరిహారం నది చెల్లించాలా అన్న ఇబ్బందుల మధ్య సుప్రీంకోర్టు కొన్ని నెలలకే దాన్ని ఆపింది. పేరుకు హోదా ఇచ్చి, ధర్మకర్తగా మళ్లీ అదే ప్రభుత్వ అధికారిని కూర్చోబెడితే ఏమీ మారదు కూడా.

దానికంటే దగ్గర్లో ఉన్న దారి ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. 2012 అక్టోబరులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు ఇక్కడ జరిగింది. గచ్చిబౌలి పక్కన ఆ పేరుతో పార్కు వచ్చింది, కూడలికి బయోడైవర్సిటీ జంక్షన్ అన్న పేరు స్థిరపడింది. అక్కడి నుంచి కంచ గచ్చిబౌలి కొన్ని కిలోమీటర్లే. ఆ సదస్సుకు పదేళ్ల ముందే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థా ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలని, తన పరిధిలో ఏ మొక్కలు, ఏ జీవాలు ఎక్కడ ఉన్నాయో స్థానికులతో కలిసి రిజిస్టర్ రాయాలని చెప్పింది. ఈ కమిటీలు చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయి. భూమి వేలానికి పెట్టేటప్పుడు సర్వే నంబరు, ఎకరాలు, కనీస ధర చూస్తారు తప్ప ఆ రిజిస్టర్ తెమ్మని ఎవరూ అడగరు.

పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరి పేర ఉందో ఒక చోట, దాని మీద నిజంగా బతుకుతున్నది ఎవరో ఇంకో చోట రాసేవాళ్లు. ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక అనుభవదారు కాలమ్ పోయింది, కౌలు రైతులు కాగితం మీద కనిపించకుండా పోయారు. దాని మీద పెద్ద గొడవే జరిగింది, జరగాల్సిందే. సర్వే నంబరు 25కు అలాంటి కాలమ్ ఒకటి ఉండి, 2025 మార్చికి ముందే ఎవరైనా దాన్ని నింపి ఉంటే అందులో జింక, నెమలి, నక్షత్ర తాబేలు, బండల సందుల్లో నీటి గుంటలు, అక్కడికి పశువుల్ని తోలుకొచ్చే కాపరులు ఉండేవాళ్లు. పొక్లెయిన్ డ్రైవర్‌కు తాళం చేతికిచ్చే ముందు ఒక అధికారి ఆ పేర్లు చదివి, వీళ్లను ఎక్కడికి పంపుతున్నామో రాసి, కింద తన సంతకం పెట్టాల్సి వచ్చేది.